అతుకు మీద అరచెయ్యి

విశాఖలో బ్యాంకు ఉద్యోగం చేసే నా మిత్రుడికి ఒక కెనూ ఉండేది. రాళ్ల మధ్య ఉరికే నీటిలో ఇద్దరు కూర్చుని తెడ్లతో నడిపే సన్నటి ఫైబర్ పడవ. తొంభైల చివర, నేను అరకులో విలేకరిగా ఉన్న రోజుల్లో, దాన్ని జీపు మీద కట్టి తెచ్చి డుంబ్రిగుడ దగ్గర గెడ్డలో, అంటే కొండవాగులో, దింపాడు. వెనకవాడు నడపాలి, ముందువాడు రాళ్లు చూసి చెప్పాలి. చూసి చెప్పడమే నా వృత్తి కనుక నన్ను ముందు కూర్చోబెట్టాడు. లైఫ్ జాకెట్ ఇస్తే, ఫొటోలో లావుగా కనిపిస్తానని వద్దన్నాను. ఈత వచ్చని కూడా చెప్పాను. రాదు.

ఆ రాయి ఏనుగంత ఉంది. నేను మాత్రం కొండవాలున వలిసె పూల మీద వార్తకు మొదటి వాక్యం వెతుకుతున్నాను.

పడవ దానికి గుద్దుకుని, అడుగు చిట్లి బోల్తాపడింది. మొలలోతు నీళ్లే. అయినా చచ్చి బతికాను. గట్టెక్కాక మిత్రుడు, "ఏటీ కాదు గురూ, అతుకేసి ఆదివారం మళ్లీ దిగుదాం" అన్నాడు. ఆ క్షణం నుంచి నాకు ఒకటే కోరిక: పడవ బాగుపడకూడదు.

మా వరండాలో రెండు బల్లల మీద పెట్టగానే చుట్టూ తిరిగి చూసి, "పూర్తిగా పోయింది, తుక్కే" అని తేల్చేశాను. కొమ్మ విరిగితే 'గాలివాన బీభత్సం' అని రాసిన చెయ్యి నాది. మిత్రుడు పడవలో బకెట్ నీళ్లు పోసి, అడుగున చెమ్మ ఊరిన చోట పెన్సిల్‌తో గుండ్రం గీశాడు. అరచెయ్యంత. అంతే.

టీ తెచ్చిన మా ఆవిడ, సంతలో కుండల్ని చూసినట్టు, వేలి కణుపుతో చుట్టూ కొట్టింది. టంగ్, టంగ్, ఒకచోట డబ్.

"ఇక్కడ బోలుగున్నాది అన్నయ్యా."

"అవును చెల్లెమ్మా, లోపలి పొర విడిపోనాది." గుండ్రం పెద్దదైంది. నాకు ఉత్సాహం పెరిగింది.

కానీ ఉప్పు కాగితం నా చేతికే ఇచ్చాడు. "అంచులు దోసె అంచులా పల్చబడాలి గురూ." ఊరికే రుద్దుదామని మొదలుపెట్టాను. ఎవరి రాతైనా దిద్దకుండా ఉండలేని జబ్బు నాది. అతను చాలన్నా, "ఇంకాస్త, ఇటువైపు గరుగ్గా ఉంది" అన్నాను. నన్ను పొడవబోయే కత్తికి నేనే సాన పట్టాను.

ఫైబర్ గుడ్డ ముక్కలు పరిచి, ఒక్కోదాని మీద రెజిన్ అనే ఘాటైన బంక పూశాం. చలికి సాయంత్రమైనా అది గట్టిపడలేదు, పనసజిగురులా వేలికి సాగింది. "మంచు ఊరు. ఇక్కడ ఎండదు" అని ఎంతో విచారంగా అన్నాను.

"ఈ కంపు నాను పడలేను. బేగి ఎండితే బేగి పోద్ది" అంటూ మా ఆవిడ కోడిపిల్లలకు వెచ్చదనం కోసం పెట్టే బల్బు తెచ్చి వేలాడదీసింది.

"నిన్నెవరడిగారు?"

"పిల్లలు పెద్దవైపోనాయి. ఖాళీగానే ఉన్నాది."

తెల్లారేసరికి అతుకు రాయైపోయింది. మా ఆవిడ మళ్లీ కొట్టి చూసింది. టంగ్. "మునపటి కన్నా గట్టిగున్నాది. ఏటలా మొకమెట్టినారు?"

ఇక ఒక్క దారే మిగిలింది. "నాకు ఈత రాదు" అన్నాను.

"తెలుసు గురూ. మొలలోతు నీళ్లలో నా పీక పట్టుకున్నప్పుడే తెలిసింది" అని జీపులోంచి జాకెట్ విసిరాడు.

ఆదివారం గెడ్డలో అదే రాయి ఎదురొచ్చింది. ఈసారి చూశాను. "ఎడమకి!" అని ఒక చెయ్యి చాపి కొండలు వినేలా అరిచాను. నా రెండో చెయ్యి మాత్రం మోకాళ్ల మధ్య అతుకును అదిమి పట్టుకునే ఉంది.

"సెయ్యి తియ్యి, తెడ్డట్టుకో!" వెనక నుంచి కేక.

రాయి దాటాక అరచెయ్యి ఎత్తి చూశాను. కింద నుంచి చుక్క నీరు ఊరలేదు. నేను రుద్దిన అంచు అని గర్వపడి తలెత్తేసరికి, నా తెడ్డు మా కన్నా ముందు, ఒంటరిగా, చక్కగా దిగువకు పోతోంది.