కొత్త మూతకు పెట్టిన బొట్టు

మా ఇంట్లో టీవీ రిమోట్‌కి ఇప్పటికీ ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ఫ్రిజ్ తలుపు మీది పల్చటి పొర అంచుల్లో ముడుచుకుపోయి, దుమ్ము పట్టి, చూడటానికి పరమ అసహ్యంగా ఉన్నా దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. కారు కొన్నరోజు షోరూం కుర్రాడు సీట్ల మీది కవర్లు తీయబోతే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. పాపం ఆ కుర్రాడు ఏదో తప్పు చేసినవాడిలా వెనక్కి తగ్గాడు. ఎందుకండీ ఇదంతా అని ఎన్నిసార్లు అడిగినా మా ఆయన జవాబు ఒక్కటే: "ఉండనీ, రేపు అమ్మేటప్పుడు కొత్తగా ఉంటది."

మేం దేశం వదిలి ఎడ్మంటన్ వచ్చిన కొత్తలో ఆ మాటకి అర్థం ఉండేది. అప్పుడు వర్క్ పర్మిట్ మీద ఉన్నాం. అది రెన్యూ అవుతుందో, సామాను సర్దుకోవాల్సి వస్తుందో ఎవరికీ తెలియదు. సోఫా కొన్నా, మంచం కొన్నా, మనం వెళ్లిపోతే దీన్ని ఎవరు కొంటారు అన్నదే మా మొదటి ఆలోచన. తర్వాత ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది. ఇల్లు కొనుక్కున్నాం. సిటిజన్‌షిప్ ప్రమాణం కూడా చేసి, చేతిలో చిన్న జెండా పట్టుకుని నవ్వుతూ ఫొటో దిగాం. ప్లాస్టిక్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అలాంటి మనిషి పోయినేడాది ఎవరో వాడేసిన ట్రావెల్ ట్రైలర్ కొన్నారు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు అది. లోపల మంచం, బల్ల, సింకు, పొయ్యి, పొయ్యి మీద చిమ్నీ అన్నీ ఉన్నాయి. "నీకు బయటి తిండి పడదు కదా, ఇందులో అయితే ఎక్కడికి పోయినా నువ్వే వండుకోవచ్చు" అన్నారు, నాకేదో వరం ఇస్తున్నట్టు. సెలవంటే వంటగదిని కూడా వెంటబెట్టుకుని తిరగడమని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆయనకి మాత్రం దాని మీద ప్రాణం. ట్రిప్పు లేని ఆదివారాలు కూడా టీ కప్పు పట్టుకుని ఇంటి ముందు డ్రైవ్‌వేలో ఉన్న ఆ ట్రైలర్లోకి వెళ్లి కూర్చుంటారు. పది అడుగుల దూరంలో సొంత ఇల్లు ఉంది, అందులో మంచి సోఫా ఉంది, దాని మీద కవరు కూడా ఉంది. అయినా అక్కడే కూర్చుని, కిటికీలోంచి మా ఇంటినే చూస్తూ, ఎక్కడో కొండల మధ్య ఉన్నంత సంతోషంగా టీ తాగుతారు.

మొన్న వేసవి మొదట్లో వడగళ్లు పడి ఆ ట్రైలర్ బయటి గోడ మీదున్న చిమ్నీ మూత పగిలింది. లోపలి ఫ్యాను పొగని బయటికి తోస్తుంటే తెరుచుకుని, ఆపగానే మూసుకునే రెక్క ఒకటి ఉంటుంది దానికి. ఆ రెక్క ఊడిపోయింది. వాన నీళ్లు లోపలికి పోకుండా మా ఆయన దాని మీద మందపాటి టేపు అంటించి, సమస్య తీరిందన్నారు. ఆ సంగతి నాతో చెప్పడం మరిచిపోయారు. తర్వాతి వారం ఒక చెరువు పక్కన క్యాంపుకి వెళ్లి నేను పప్పుకి పోపు పెట్టాను. ఎండుమిరపకాయల పొగ చిమ్నీలోకి వెళ్లి, దారి లేక, అంతా తిరిగి నా ముఖం మీదికే వచ్చింది. స్మోక్ అలారం కెవ్వుమంది. మంచం మీది దుప్పట్లు, నా కోటు, జుట్టు అన్నీ పోపు వాసనే. సోమవారం ఆఫీసులో పక్క సీటావిడ లంచ్ అప్పుడే తినేశావా అని అడిగింది. అప్పటికి ఉదయం తొమ్మిది కూడా కాలేదు.

ఇంటికొచ్చి ఒక్కటే మాట అన్నాను. "ఇంకొక్క ట్రిప్పు చూస్తానండీ. మళ్లీ ఇలాగే అయితే ఈ ట్రైలర్ అమ్మేద్దాం." ఆయన ముఖం చిన్నబోయింది. "సరే, నీ ఇష్టం" అని, టీ కప్పు పట్టుకుని ట్రైలర్లోకి వెళ్లి కూర్చున్నారు.

మర్నాటి నుంచి మా ఇంట్లో చిమ్నీ మూతల యుగం మొదలైంది. అన్నం తింటూ వీడియోలు, పళ్లు తోముకుంటూ వీడియోలు. కొలిచే టేపుతో పాత మూతని నిలువుగా కొలిచారు, అడ్డంగా కొలిచారు, మళ్లీ నాచేత కొలిపించారు. కొత్తది ఆర్డర్ పెట్టి, వచ్చేదాకా తలుపు వైపే చూశారు. శనివారం పొద్దున్నే స్టూలు ఎక్కి పని మొదలెట్టారు. స్క్రూలు పట్టుకుని కింద నిలబడే ఉద్యోగం నాది.

నీళ్లు దిగకుండా అంచులకి పూసే సీలెంట్, పాతది, గోడకి రాయిలా అతుక్కుని ఉంది. దాన్ని ప్లాస్టిక్ గరిటెలాంటి దానితో గీకి గీకి తీశారు. ఇనుప దానితో గీకితే గోడకి గీతలు పడతాయట. తుప్పు పట్టిన స్క్రూలని బతిమాలి, తిట్టి, ఊడదీశారు. మూత వచ్చాక వెనక గొట్టంలో ఎండిపోయిన కందిరీగల గూడు కనబడింది. "చూసినవా, పొగకి అడ్డం పడ్డది ఇవే" అన్నారు, నేరమంతా తన టేపు మీద నుంచి కందిరీగల మీదికి తోసేస్తూ. తర్వాత కొత్త మూత వెనక అంచు చుట్టూ జీళ్లపాకంలా సాగే బ్యూటిల్ టేపు వేసి, గోడకి అదిమి, స్క్రూలు బిగించి, పైనా రెండు పక్కలా సీలెంట్ పూశారు. అడుగున మాత్రం పూయకూడదట, ఎప్పుడైనా నీళ్లు చేరితే కిందినుంచి కారిపోవాలట. ఈ రహస్యం నాకు చెప్పారు, పక్కింటాయనకి చెప్పారు, ఫోన్లో హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి కూడా చెప్పారు.

"కొత్త సామాను కదా, ఒక బొట్టు పెట్టు" అన్నారు చివర్లో. నేను పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టాను. మూత అద్దంలా మెరిసిపోతోంది. "అబ్బ, ఎంత మెరుస్తోందండీ" అని మెచ్చుకున్నాను కూడా. మామూలు ప్లాస్టిక్ అంతలా ఎందుకు మెరుస్తోందని నాకు తట్టలేదు.

సీలెంట్ ఆరేదాకా దాన్ని కదిలించవద్దన్నారు కాబట్టి ఇంటి దగ్గర పొయ్యి వెలిగించి చూడలేదు. ఆ పైవారం లాంగ్ వీకెండ్‌కి మళ్లీ అదే చెరువు పక్కకి వెళ్లాం. మధ్యాహ్నం నేను పులిహోర కలుపుదామని నూనె పెట్టాను. చిమ్నీ ఫ్యాను వేశాను. మా ఆయన బయట ఫోను పట్టుకుని మూతకి ఎదురుగా నిలబడ్డారు. రెక్క తెరుచుకుని పొగ వస్తుంటే వీడియో తీసి తమ్ముడికి పంపాలని.

ఆవాలు చిటపటలాడాయి. శనగపప్పు, వేరుశనగలు వేగాయి. ఎండుమిరపకాయలు వేశాను, ఇంగువ వేశాను. పొగ చిమ్నీలోకి వెళ్లింది. వెళ్లి, ఏమాత్రం తొందర లేకుండా తిరిగి వచ్చింది.

"ఏంది, ఏం వస్తలేదు? ఫ్యాన్ వేసినవా?" అని బయటినుంచి కేక.

"వేశానండీ!" అని లోపలినుంచి నేను, దగ్గుతూ.

"పోపు వేసినవా మరి?"

ఆ ప్రశ్నకి జవాబు స్మోక్ అలారం చెప్పింది. నేను పొయ్యి ఆపేసి, ఫ్యానుని అలాగే వదిలేసి, చేతిలో గరిటెతో, కళ్లలో నీళ్లతో బయటపడ్డాను. పక్క క్యాంపు సైటులో ఉన్న పెద్దాయన అప్పటికే మంటలార్పే ఎర్ర సిలిండర్ పట్టుకుని పరుగెత్తుకొచ్చేశాడు. "ఈజ్ ఎవ్రీథింగ్ ఓకే?" అని అడిగితే, మా ఆయన ఎంతో మర్యాదగా "జస్ట్ లంచ్" అన్నారు.

నేను మూత వైపు చూశాను. లోపలి ఫ్యాను గాలికి మూత మీద ఏదో పల్చగా, గుండ్రంగా, పూరీలా పొంగుతోంది. ఆ పూరీ మధ్యలో నేను పెట్టిన బొట్టు. రెక్కా, దాని చుట్టూ ఉన్న చట్రం, అన్నింటినీ కలిపి కప్పేసిన పారదర్శకమైన పొర అది. కంపెనీ వాళ్లు గీతలు పడకుండా అంటించింది. మూత బిగించాక మొదట తీసెయ్యాల్సింది.

"ఏవండీ," అన్నాను. "ప్లాస్టిక్ తియ్యలేదా?"

ఈ మాట మీద ఆయన్ని ఎన్నేళ్లు ఏడిపించవచ్చో అప్పటికే లెక్కలు వేసుకుంటున్నాను. ఆయన నావైపు చూడలేదు.

"రెక్క చుట్టూ బ్లేడుతో కోద్దామనుకున్నా," అన్నారు మెల్లగా. "గీత పడతదేమోనని ఆగిన. గాలికి అదే ఊడుతదిలే అనుకున్నా. నువ్వే కదా, అమ్మేద్దాం అన్నవు. కొత్తగా ఉంటే కొనేవాళ్లకి నచ్చుతదని..."

నా లెక్కలు అక్కడే ఆగిపోయాయి. నేను కోపంలో అన్న మాటని ఈ మనిషి ఆ రోజే తీర్పుగా తీసుకున్నాడు. ఆ వీడియోలన్నీ, ఆ గీకుడంతా, ఒక్కో స్క్రూ ఒద్దికగా బిగించడమంతా ఎవరో ముక్కూమొహం తెలియని కొనేవాడి కోసం. తనకి అంత ఇష్టమైన వస్తువుని రేపు వదిలేసేదానిలాగే చూసుకున్నాడు. అలా బతకడం మాకు కొత్త కాదు. ఈ దేశంలో మేం కొన్న ప్రతి వస్తువుని అలాగే చూసుకున్నాం. వెళ్లిపొమ్మనేవాళ్లు ఎవరూ లేరిప్పుడు, నేను తప్ప.

"తియ్యండి," అన్నాను.

"తీస్తే మళ్ల..."

"అమ్మట్లేదు. తియ్యండి."

ఆయన నా ముఖంలోకి చూశారు, నిజమేనా అన్నట్టు. ఆ తర్వాత స్టూలు ఎక్కి, ఒక మూల గోటితో గీరి, పొరని మెల్లగా లాగారు. అది చర్రుమంటూ ఊడొచ్చింది. వెంటనే రెక్క టపటపా కొట్టుకుంది. లోపల చిక్కుకున్న పొగంతా ఇంగువ వాసనతో సహా బయటికి దూకింది. ఎర్ర సిలిండర్ పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు. గట్టిగా గాలి పీల్చి, లంచ్‌లో ఏముందని అడిగాడు. సిలిండర్ పక్కన పెట్టి మా బల్ల దగ్గరే కూర్చుని పులిహోర తిన్నాడు, మిరపకాయలు ఏరి పక్కన పెట్టుకుంటూ.

మా ఆయన మాత్రం ఆ ప్లాస్టిక్ పొరని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. బొట్టు ఉంది కదా, చెత్తలో వెయ్యకూడదట. నేను లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చాను. ఈసారి స్టూలు నేనెక్కి, మూత మీదే బొట్టు పెట్టబోయాను.

"వద్దొద్దు, మరక పడతది, పోదు" అన్నారు ఆయన కిందినుంచి, అలవాటు కొద్దీ.

"పడనివ్వండి," అన్నాను.