పోయొచ్చే డబ్బా

దయ్యాల సంగతి ఎవరన్న ఎత్తుకుంటే నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. భయపడి కాదు, విసుగు. పొద్దున లేచి దీపం పెట్టుకుంట, నర్సింహసామికి దండం పెట్టుకుంట, ఇచ్చినదానికి సంతోషపడుకుంట బతికేదాన్ని. చనిపోయినోళ్లు తిరిగొస్తరంటే నా మనసులో దానికి జాగా ఎన్నడూ దొరకలేదు. ఇప్పుడన్న నమ్ముతున్నవా అంటే చెప్పలేను. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్త.

మాది పోచంపల్లి. ఇంట్లో రెండు మగ్గాలు, రెండూ గుంట మగ్గాలే. నేలలో గుంట తవ్వి, దాని అంచు మీద కూర్చోని, కాళ్లు గుంటలోకి జారవిడిచి నేస్తం. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయిన నేసుకుంటనే అక్షరాలు చెప్పిండు, నేను పక్కన పలక పట్టుకోని నేర్చుకున్న. పెండ్లయి ఈ ఇంటికి వచ్చినంక మిగిలిన చదువు మా మామ చెప్పిండు. కంప్యూటర్ గూడ ఆయనే నేర్పిండు. కోడలిని పక్కన కూర్చోబెట్టుకోని కంప్యూటర్ నేర్పే మామ ఎంతమందికి దొరుకుతడు? ఆ దేవునికి ఎన్ని దండాలు పెట్టినా నాకు తక్కువే అనిపిస్తది.

తెలంగాణ వచ్చిన కొత్తలో మామ ఒక పాత కంప్యూటర్ కొని తెచ్చిండు. దూరం ఊర్ల దుకాణాలోళ్లు డిజైన్లు మెయిల్లో పంపేటోళ్లు. నెట్టు పోయినా మెయిళ్లు ఇంట్లోనే ఉండాలని మామ కంప్యూటర్లోనే మెయిల్ ప్రోగ్రాం పెట్టించిండు. తెలుగులోనే రాసేటోడు, ఒక్క వేలితో, మగ్గం మీద పడుగు పోగులు ఒక్కొక్కటి అతికినంత ఓపికగా.

ఇంగ్లీషు పేర్లు ఆయనకు నచ్చకపోయేటివి. ఇన్‌బాక్సును వచ్చే డబ్బా అన్నడు. అవుట్‌బాక్సును పోయే డబ్బా అన్నడు. దాని మీద మా అత్తమ్మ లొల్లి పెట్టింది.

"పొద్దుగాల్నే పోయేది, పోయేది అంటవేంది? నోట్లకెల్లి మంచి మాటనే రాదా?"

మా ఇంట్లో గడప దాటేటోళ్లు పోతున్న అనరు, పోయొస్త అంటరు. బయటికి పోయే మనిషైనా, మాటైనా అంతే. మామ జరసేపు ఆలోచించి, "అయితె పోయొచ్చే డబ్బా అందాం తియ్. పోయిన మెయిలు మల్ల ఎనుకకొస్తె మాత్రం ఆర్డరు మునిగినట్టే" అని నవ్విండు. ఆ పేరే నిలిచిపోయింది.

మామ మగ్గం మీదనే కన్నుమూసిండు. గుండె ఆగిందన్నరు. బాధపడకుండ పోయిండని దేవునికి దండం పెట్టుకున్నం.

ఆయన పోయినంక ప్రోగ్రాం తెరిచినప్పుడల్లా ఆయన అకౌంట్ పాస్‌వర్డ్ అడిగేది. అది మాకెవ్వరికీ తెలవదు. నేను క్యాన్సిల్ కొట్టేది, అది మల్ల అడిగేది. కొన్నాళ్లు చూసి మా ఆయన, "అది తీసెయ్, ఊకె అడ్డమొస్తాంది" అన్నడు. దేవుని ముందట దీపం పెట్టి, మామకు చెప్పుకోని, ఆ అకౌంట్ తీసేసిన. ఆ తర్వాత పాస్‌వర్డ్ అడగడం ఆగింది. ఇది గుర్తు పెట్టుకోండి.

ఆ రోజు ముసురు. ఆపకుండ కురుస్తాంది. మా ఆయన చీరెలు పట్టుకోని పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కిండు. అత్తమ్మ ముందటి అర్రలో మగ్గం మీద ఉన్నది. నేను వంటింట్లో ఫోన్ చార్జింగ్ పెట్టి, కంప్యూటర్ అర్రలోకి వచ్చిన. ఒక పెద్ద డిజైన్ ఫొటో పెట్టిన మెయిల్ అవుట్‌బాక్స్‌లో ఇరికి, కదులుతలేదు. దాని ఎనుక రాసినవన్నీ ఆగిపోతున్నయ్. దాన్ని సవరించాలని కూర్చున్న.

ఆ అర్ర సంగతి చెప్పాలె. ముందు అందులో నూలు పెట్టేటోళ్లు. తలుపు పాతింటిది, టేకు చెక్క. ఇనుప బందులు లేవు. తలుపు చెక్కకే కింద ఒక కొన, పైన ఒక కొన ఉంటయ్. కింది కొన రాతి గుంతలో, పైది దర్వాజ చెక్కలో తిరుగుతది. మామనే తన చేతులతో నిలబెట్టిండు. అర్రకు ఒక్కటే చిన్న కిటికీ. దాని ఎదురుంగ పక్కింటి గోడ తప్ప ఏం లేదు.

జల్లు కొట్టి కంప్యూటర్ మీద పడుతుంటే తలుపు గట్టిగ నెట్టి గడియ పెట్టిన. వానకు చెక్క ఉబ్బి ఉన్నదేమో, బిర్రుగ కూర్చుంది. నేను అది పట్టించుకోలేదు.

ప్రోగ్రాంను ఆఫ్‌లైన్ చేసి, ఇరికిన మెయిల్ తెరిచి, ఫొటో తీసేయబోతున్న. అప్పుడు ముందటి అర్రలో ఏదో దబ్బుమని పడ్డ చప్పుడయింది. ఎనుకనే అత్తమ్మ కేక.

"ఓ సుగుణా! గుంటల పడ్డనే! కాలు ఇరికిందే!"

వాడలో నీళ్లు గడప దాటి లోపలికొచ్చినయట. పడుగు తడుస్తదని ఎత్తబోయి జారింది. కాళ్లతో తొక్కే చెక్కల నడుమ కాలు పడి మడతపడ్డది. నీళ్లు గుంటలోకే దిగుతున్నయ్. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు నాకు వినపడ్డది కేక ఒక్కటే.

ఉరికి తలుపు కాడికి పోయిన. గడియ రాలేదు. రెండు చేతులతో గుంజిన, చెప్పుతో కొట్టిన, భుజంతో తోసిన. ఆ తలుపు గోడైపోయింది. కిటికీ కాడ ఒర్రిన. పైన రేకుల మీద వాన చప్పుడుకు నా ఒర్రుడు పక్కింటికి గూడ చేరలేదు.

"అత్తమ్మా, నీళ్లు ఎంతదాక ఉన్నయే?"

"తొడల కాడికొచ్చినయ్. నువ్వెక్కడ సచ్చినవే?"

"తలుపు వస్తలేదు అత్తమ్మా!"

"అయితె ఇద్దరం ఇరికినం పో" అన్నది. ఆ గొంతులో కోపమే ఉన్నది గని భయం లేదు. అందుకు నాకు ఇంకా భయమైంది.

అప్పుడు కరెంటు పోయింది. కంప్యూటర్ కింద యూపీఎస్ కూతపెట్టుడు మొదలుపెట్టింది. ఫోన్ వంటింట్లో ఉన్నది. బయటికి దారి అంటే నాకున్నది ఆ మెయిల్ ప్రోగ్రాం ఒక్కటే. నెట్టు డబ్బా గూడ ఆ యూపీఎస్ మీదనే ఉన్నది, దాని లైటు వెలుగుతాంది. నర్సింహసామీ, నీ దయ అనుకోని కూర్చున్న.

మా ఆయనకు రాసిన: "అత్తమ్మ మగ్గం గుంటలో పడ్డది. నీళ్లు వస్తున్నయి. నేను కంప్యూటర్ రూములో ఇరికిన. ఎవరినన్న పంపు." అంతే రాసిన. ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

సెండ్ కొట్టిన. అది పోయి పెద్ద మెయిల్ ఎనుక నిలబడ్డది. పెద్దదాన్ని డ్రాఫ్ట్‌లోకి జరిపిన. ఆన్‌లైన్ చేసిన. మల్ల సెండ్ కొట్టిన. పంపుతున్నట్టు గీత సగందాక నడిచి ఆగింది. తెర నడుమ పాస్‌వర్డ్ డబ్బా లేచింది.

దాని మీద ఉన్నది నా అడ్రస్ కాదు. మామది.

నేను తీసేసిన అకౌంట్ అది. క్యాన్సిల్ కొట్టిన, మల్ల లేచింది. మల్ల కొట్టిన, మల్ల లేచింది. అది ఉన్నంతసేపు ఎనుకనున్న ఏదీ నొక్కడానికి రాదు. వెనుక ఉబ్బిన తలుపు, ముందట ఆ డబ్బా, నడుమ నేను. యూపీఎస్ కూత దగ్గర దగ్గరగా వస్తాంది. ముందటి అర్రలోంచి అత్తమ్మ గొంతు తగ్గిపోయింది. "నడుం దాక..." అన్నది ఒకసారి. తర్వాత పిలిచినా పలకలేదు.

నాకు ఏడుపొచ్చింది. బతికున్న మనిషితో అన్నట్టే, "మామా, జర పక్కకు జరుగు, నీ కాల్మొక్కుత" అన్న.

యూపీఎస్ ఆగిపోయింది. తెర నల్లబడ్డది. నెట్టు డబ్బా లైటు గూడ ఆరింది. నా మెయిల్ పోలేదు. పోలేదని నా కండ్లతో చూసిన.

చీకట్లో తలుపుకు నెత్తి ఆనించి నిలబడ్డ. ఎంతసేపో తెలవదు. వంటింట్లో నా ఫోన్ మోగింది. ఆగి మల్ల మోగింది. అంత దగ్గర మోగుతున్నదాన్ని అందుకోలేకపోవుడు ఎట్లుంటదో పగవాళ్లకు గూడ తెలవద్దు.

ఫోన్ ఆగినంక జరసేపటికి ముందటి అర్రలో మనుషుల అలికిడి. ఎదురింట్లో బట్టలు కుట్టే ఖాజా భాయి గొంతు, ఆయన ఇంటామె గొంతు. నీళ్లలో దబదబ అడుగులు. అటెనుక అత్తమ్మ గొంతు.

"మెల్లగ గుంజరాదు భాయి, నేనేమన్న బట్టల మూటనా?"

ఆ మాట విని అక్కడనే నేల మీద కూలబడి దండం పెట్టిన.

ఖాజా భాయి నా తలుపు కాడికొచ్చిండు. నేను లోపల్నుంచి, "భాయీ, గట్టిగ తొయ్యి" అన్న.

"తొయ్య చెల్లె. మీ ఆయన ఫోన్ల తొయ్యొద్దన్నడు, లేపమన్నడు. జర పక్కకు జరుగు."

గడ్డపార తలుపు కిందికి పోనిచ్చి పైకి ఎత్తిండు. కింది కొన రాతి గుంతలోంచి లేచింది. అంత బిర్రుగున్న తలుపు పక్కకు ఒరిగింది. గడియ గడియలాగనే ఉన్నది. నేను సందులోంచి బయటికొచ్చిన.

అత్తమ్మను భువనగిరి దవాఖానకు తీసుకపోయినం. కాలి బొక్క ఇరిగింది, పానానికి ఏం కాలేదు. కట్టు కడుతుంటే గూడ, "మగ్గం మీది చీరె తడిసిందా?" అనే అడిగింది. మా ఆయన హైదరాబాద్ నుంచి దవాఖానకే వచ్చిండు. వచ్చి ముందు తల్లి కాళ్లు పట్టుకున్నడు, తర్వాత నన్ను చూసి, "బాపు అకౌంట్ తీసేసినవనుకున్న. దాంట్లకెల్లి ఎట్ల పంపినవ్?" అన్నడు.

ఫోన్ చూపిచ్చిండు. మెయిల్ మామ అడ్రస్ నుంచే వచ్చింది. అందులో ఉన్నది ఇది:

"మీ అమ్మ గుంటల పడ్డది. కోడలు నూలర్రల ఉన్నది. ఖాజాను పిలువు. తలుపు తొయ్యకుర్రి, లేపుర్రి."

అది నేను రాసింది కాదు. నేను కంప్యూటర్ రూము అని రాసిన. కంప్యూటర్ వచ్చినంక ఆ అర్రను నూలర్ర అనేది మామ ఒక్కడే. ఆ తలుపును ఎత్తితే ఊడొస్తదని నాకు తెలవదు. తెలిస్తే లోపల్నుంచి నేనే ఏదో ఒకటి పెట్టి ఎత్తకపోదునా?

కరెంటు వచ్చినంక కంప్యూటర్ తెరిచినం. నా మెయిల్ అవుట్‌బాక్స్‌లోనే ఉన్నది, పోకుండ. పంపినవాటిలో ఏం లేదు. అకౌంట్లలో మామ పేరు లేదు.

కంప్యూటర్లు బాగుచేసే మా ఆయన దోస్తు వచ్చి అంతా చూసిండు. తీసేసిన అకౌంట్ ముక్కలు ఏదో మూల మిగిలి ఉండొచ్చన్నడు. ఆగమాగంలో ఏం రాసిందో వదినెకే గుర్తుండదన్నడు. అయి ఉండొచ్చు. తలుపు సంగతి అడిగితే మా ఆయన దిక్కు చూసిండు. చిన్నప్పుడు బాపు తలుపు నిలబెడుతుంటే చూసినవేమో, నువ్వే ఖాజాకు చెప్పినవేమో అన్నడు. మా ఆయన, "నాకు యాదికి లేదు. ఫోన్ల ఉన్నది చదివి చెప్పిన" అన్నడు.

అత్తమ్మకు చెప్పినం. "బతికున్నప్పుడు పదిసార్లు పిలిస్తె ఒక్కసారి పలికెటోడు. గిప్పుడు పిలువకముందే పలికిండంటె నేను నమ్మాల్నా?" అన్నది. అని కొంగుతో మొకం తుడుచుకున్నది.

ఇప్పుడు ఆ అర్రకు ఇనుప బందులు పెట్టించినం. నేను గడియ పెట్టను, గాలికి కొట్టుకున్నా సరే. వారానికొకసారి ప్రోగ్రాంను శుభ్రం చేస్త, పాత మెయిళ్లు వేరే దాచిపెడత. ఆ ఒక్క మెయిల్‌ను మాత్రం ముట్టుకోను. మొదట రెండుసార్లు పంపి చూసిన, కదలలేదు. తీసెయ్యనీకి నాకు చెయ్యి రాలేదు.

ఆ రోజు నేను బయటికొచ్చిన, అత్తమ్మ బయటికొచ్చింది. మా ఇద్దరికి దారి చూపింది ఎవరో, వాళ్లు ఏ తలుపు ఎనుక ఉన్నరో, నాకు ఇప్పటికీ తెలవదు. దేవునికి దండం పెట్టుకున్నప్పుడు మామ పేరు గూడ తలుచుకుంట. ఎవరికి చేరాల్నో వాళ్లకు చేరుతది.

ప్రోగ్రాం మూసేటప్పుడు ప్రతిసారి అది అడుగుతది: పంపని మెయిల్ ఒకటి అవుట్‌బాక్స్‌లో ఉన్నది, అయినా మూస్తరా అని. ఆ ప్రశ్న కాడ నా చెయ్యి ఆగుతది. లోపల ఎవరన్న ఉంటే, వాళ్ల మీద గడియ పెడుతున్నట్టే ఉంటది.

పక్కర్రలోంచి అత్తమ్మ, నూలు కండెలు చుట్టుకుంట, "ఆ మెయిలు పోయిందానె?" అని అడుగుతది.

"పోయొచ్చింది అత్తమ్మా" అంట. అని మూస్త.