లక్ష్మీకాంత్ చేతి బోణీ

దేవమణి డాక్టరు కాదు, నర్సూ కాదు. పదకొండేళ్ల కిందట మతి చెదిరి, నందిగామ నుంచి హైవే పట్టుకుని పరిటాల దాకా నడిచి, ఆంజనేయుడి విగ్రహం దగ్గర కూలబడి, ఎవరు పిలిచినా కదలని మనిషి. మందులు మింగింది, తేరుకుంది. ఇప్పుడు నందిగామలో ఓ మానసిక వైద్యుడి క్లినిక్ తరఫున, తనలా తేరుకుంటున్నవాళ్ల ఇళ్లకి తిరుగుతోంది. కాగితాల్లో రికవరీ కోచ్. జనం నోళ్లలో పిచ్చోళ్ల టీచరు. అలా అన్నవాళ్లని ఊరికే వదలదు, "అవునండి, మీకూ ఓ సీటు ఉంచనా?" అంటుంది.

జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు నాగేంద్రమ్మ కొడుకు లక్ష్మీకాంత్ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి ఐదు నెలలు. దేవమణి వారానికి రెండుసార్లు బస్సెక్కి వచ్చి అతనితో నడిచింది. మొదట్లో వీధి చివరిదాకా, తర్వాత బస్టాండుదాకా. చెవిలో మాటలు మళ్లీ మొదలైతే ముందు ఎవరికి చెప్పాలో ఇద్దరూ కూర్చుని రాసుకున్నారు. అతను కోరింది ఒక్కటే. పొద్దున్నే కొట్లో బోణీ తన చేత్తో చెయ్యాలని.

తల్లి అతని చేత మూటలు మోయించింది, వెనక గదిలో పొట్లాలు కట్టించింది. గల్లా దగ్గరికి మాత్రం రానివ్వలేదు. "వాడి చేతి బోణీ అయితే ఇక రోజంతా ఈగలు తోలుకోవాల్సిందే" అంది.

ఆ గురువారం దేవమణి మొదటి బస్సుకే దిగింది. నాగేంద్రమ్మ వాకిట్లో నీళ్లు చల్లి అగరొత్తి వెలిగిస్తుంటే మెట్టెక్కింది.

"కిలో కందిపప్పండి. లక్ష్మీకాంత్ తూస్తేనే తీసుకుంటా."

"బోణీ వేళ ఈ పంతాలేంటమ్మా? నేనిస్తాగా."

"మీరు తూస్తే నేను వెళ్లిపోతా. మొదటి బేరం ఉత్తచేతుల్తో తిరిగిపోయిందని బజారుకి మీరే చెప్పుకోండి."

అంతకన్నా అరిష్టం నాగేంద్రమ్మకి తెలీదు. పళ్లు నూరుకుంటూనే కొడుకుని పిలిచింది.

లక్ష్మీకాంత్ వచ్చి కాటా మీద పప్పు పోస్తుంటే చెయ్యి వణికింది. గుప్పెడు గింజలు నేలపాలయ్యాయి.

"చూశావా! నలుగురూ నవ్వడానికా ఇదంతా?" అంది తల్లి.

"మందులకి నా చెయ్యీ వణుకుద్దండి. ఈ చేత్తోనే ఇల్లు నడుపుతున్నా. మీ అబ్బాయి కూడా..."

"అక్కా, నువ్వాగు" అన్నాడు లక్ష్మీకాంత్. "అమ్మా, నువ్వూ ఆగు. బేరం నాది."

దేవమణి ఠక్కున నోరు మూసింది. తేరుకుంటున్నవాళ్ల తరఫున తను మాట్లాడకూడదు, ఆ పనిలో మొదట నేర్పేది అదే. కోపంలో తనే తప్పింది. అయినా సిగ్గనిపించలేదు. ఇన్నాళ్లలో అతను ఒకర్ని ఆగమనడం ఇదే మొదలు.

అతను డబ్బా రెండు చేతులా పట్టుకుని మళ్లీ పోశాడు. కాస్త ఎక్కువైతే చిటికెడు వెనక్కి తీశాడు.

"ఆ నాలుగు గింజలూ ఉండనివ్వరాదూ?"

"మా కొట్లో కొసరు లేదక్కా."

నాగేంద్రమ్మకి నవ్వొచ్చింది. దగ్గుతో కప్పేసింది. లక్ష్మీకాంత్ దేవమణి ఇచ్చిన నోటు కళ్ళకద్దుకుని గల్లాలో వేసి, అక్కడి కుర్చీలో కూర్చున్నాడు.

"అయిందిగా. ఇక లే, మూటలు దింపాలి" అంది తల్లి.

"కూలీని పిలువమ్మా. నేనిక్కడుంటా."