కళాయి పట్టని చోటు

పోయిన మంగళవారం పొద్దున్నే మా అక్క భర్త, కంచరి పని చేసే మా బావగారు, కన్నుమూశారు. కాలువ గట్టు ఊళ్లవారు ఎవరైనా ఇది చదివితే, ఇంట్లో ఇత్తడి గిన్నె లోపల ఒకసారి చూడండి. ఆ కళాయి తెలుపు ఆయన చేతిదే కావచ్చు. ఇరవై ఏళ్లు ఆయన పక్కన తిత్తి ఊదాను. నాకు నలుగురిలో మాటలు పెద్దగా రావు. తెలిసినంత రాస్తాను.

ఇద్దరం ధవళేశ్వరంలో పడవెక్కి ఊరూరా తిరిగేవాళ్లం. గిన్నె బాగా కాల్చి నవాసారం చల్లితే అది కరిగి మసిని విడగొడుతుంది, తెల్లటి పొగ లేస్తుంది. అప్పుడు తగరం తాకించి దూదితో తిప్పితే తనంతట తనే పాకుతుంది. "తగరాన్ని తొయ్యకురా. దారి చూపించు, చాలు" అనేవారు. ఆయన తలగుడ్డకి ఎప్పుడూ ఆ పొగ ఘాటే. చీరల పక్కన ఆరెయ్యొద్దని అక్క సణిగేది.

ఒక పెళ్లిలో పులుసు గుండిగకి కళాయి పెట్టే పని నాకు అప్పగించారు. తలకి నూనె రాసుకున్న చేత్తోనే దూది పట్టాను. అడుగున అరచేతి మేర తగరం పాకలేదు. చేమాకు మీద నీళ్లలా పూసలు కట్టింది. అందులో చింతపండు పులుసు కాగితే చిలుమెక్కి పెళ్లివారంతా మంచాన పడతారు. తెలిసీ చెప్పలేకపోయాను. వంటవాళ్లు గుండిగ పట్టుకుపోయారు.

అందులో పులుసు పోయబోతున్నారనగా వెళ్లి బావగారి మోచెయ్యి పట్టుకున్నాను. "గుండిగ" అన్నాను. అంతే. ఆయన నా ముఖం చూసి లేచారు.

"కాస్త ఆగండి. అది ఇలా దించండి."

"ఏంటండి కంచరిగారూ, ఆకులు వేసేస్తున్నారండి. పులుసు లేకపోతే నన్నే నంజుకుంటారండి" అన్నాడు వంటాయన.

"తప్పు నాదేనండి. చూసుకోలేదు. పప్పు రెండోసారి వడ్డించండి, ఈలోగా అయిపోద్ది."

నేను నోరు తెరవబోయాను. "నువ్వు నిప్పు చూడరా" అన్నారు.

గుండిగని బూడిదతో తోమి, నా చేతులు కుంకుడు రసంతో కడిగించి, దూది నాకే ఇచ్చారు.

"మీరు పట్టండి బావగారూ."

"వచ్చి చెప్పావు కదా. నీ చేతికే పట్టుద్ది."

పొగ లేచింది. ఈసారి తగరం ఆగలేదు. చల్లారాక ఆయన చెంబుడు నీళ్లు పోశారు. ఇద్దరం వంగి చూశాం. అడుగున మచ్చ లేదు. నీళ్లు కదిలినంతసేపూ తెల్లటి అడుగు మీద మా ఇద్దరి ముఖాలూ కలుస్తూ, విడిపోతూ, మళ్లీ కలుస్తూ ఉన్నాయి.