గడియ ముట్టని పిల్ల

బడిపిల్లల బట్టలు కుట్టే ఆవిడను వీధిలో అందరూ మిషనక్క అంటారు. మాట సూది, మనసు దూది. అలాంటి మనిషి ఈ మధ్య ఒక పిల్లను చూసి కళ్ళలో నిప్పులు పోసుకుంటోంది.

మిషనక్క కూతురు దొంగతనం కేసులో బాలికల హోంలో కొన్నాళ్ళు ఉండి వచ్చింది. అలా విడుదలైనవాళ్ళకు, అదే హోంలో గడిపి తర్వాత నిలదొక్కుకున్న పెద్దపిల్లలను తోడుగా పంపుతారు. అలా వచ్చినదే ఆ పిల్ల, అందరూ తోడక్క అంటారు. వారానికోసారి వచ్చి, కూతురి పక్కన కూర్చుని కాజాలు కుడుతూ కబుర్లాడుతుంది. తాగిన గ్లాసు తానే కడిగి బోర్లిస్తుంది. ఆ మంచితనమే మిషనక్కకు మరీ కంటగింపు. తన దగ్గర ఊ, ఆ తప్ప నోరు విప్పని పిల్ల ఆమె దగ్గర వసపిట్టయిపోతుంది.

"మోసి కన్నది నేను, ముచ్చట్లు దానికి" అని గొణుక్కుంటూ మిషను తొక్కితే దారం తెగేది.

దానికితోడు కూతురు బయటికి వెళ్ళాలంటే తలుపు ముందు ఆగిపోయేది. గడియ ముట్టేది కాదు. తల్లే లేచి తీసేది.

"మహారాణిగారికి తలుపులు తీసేవాళ్ళు కావాలి" అనేది. పిల్ల తల దించుకునేది.

ఓ సాయంత్రం తోడక్క వెళ్ళబోతూ తలుపు ముందు అలాగే ఒక్క క్షణం ఆగి, తనలో తాను నవ్వుకుని గడియ తీసింది.

"నీకూ ఉందా ఈ జబ్బు?" అంది మిషనక్క.

"హోంలో తలుపు ముట్టుకుంటే తిట్టేవాళ్ళు పిన్నీ. వాళ్ళు తీసేదాకా నిలబడాలి. నా చెయ్యి ఇంకా భయపడుతుంది."

"మరి దీనికి నువ్వు తీస్తావా?"

"తియ్యను. పక్కన నిలబడతాను."

కన్నతల్లికి తెలియనిది పరాయిపిల్లకు తెలిసిందన్న ఉక్రోషం ఒకవైపు, తాను విసిరిన మాటలు మరోవైపు మిషనక్కను ముళ్ళలా పొడిచాయి.

మర్నాడు కూతురు తలుపు ముందు ఆగింది. గడియ మీదికి పోబోయిన తన చేతిని మిషనక్క వెనక్కి తీసుకుని పక్కన నిలబడింది. పొయ్యి మీద పాలు పొంగాయి. పొంగనీ అనుకుంది. దేవుడా, దీని చేతికి ధైర్యమివ్వు అనుకుంది.

గడియ చప్పుడైంది. గడప మీద ఎండ పడింది.

"ఇలా నిలబడమని అక్క చెప్పిందా?" అంది కూతురు.

మిషనక్కకు ఒప్పుకోవాలనిపించలేదు. "ఆ... చెప్పింది" అంది చివరికి.

"అక్కకన్నా నువ్వే నయం అమ్మా. తనైతే మధ్యలో దగ్గుతుంది."

మాడిన పాలగిన్నె తోముతూ మిషనక్క ఆ మాటనే నెమరేసుకుంది. ఆ వారం తోడక్క కడగబోయిన గ్లాసును లాక్కుని, "ఇలా తే, నేను కడుగుతా" అంది. అందులో ప్రేమెంతో, పోటీ ఎంతో ఆ పైవాడికే తెలియాలి.