పిట్టకాలు చోడి పేజీ

ఆమదాలవలసలో రైలు దిగి, బియ్యం కొట్ల వరస చివరిదాకా నడిస్తే ఒక జెరాక్సు షాపు. బోర్డు మీది అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. మళ్ళీ రాయించాల్సిన అవసరం పడలేదు, ఊరంతా దాన్ని రాజకుమారి కొట్టు అనే అంటారు గనక. తాతల నాడు అదే గదిలో వడ్ల బస్తాలుండేవి. ఇప్పుడొక జెరాక్సు మిషను, ఒక కంప్యూటరు, ఎదురుగా ఆధార్ కార్డు పట్టుకుని ఎప్పుడూ ఎవరో ఒకరు.

కంప్యూటరు ఎర్రక్షరాల్లో ఏదైనా తప్పు చూపిస్తే మనలాంటివాళ్ళం చప్పున మూసేస్తాం. రాజకుమారి కళ్ళజోడు తుడుచుకుని చివరి ముక్కదాకా చదువుతుంది. "అది మనతో ఏదో సెప్తన్నాది కదా, ఇనకపోతే ఎలగ?" అంటుంది. ఆ గుణం చూసే విత్తన సంఘంవాళ్ళు ఆవిడకి తమ వికీ అప్పగించారు.

వికీ అంటే ఎవరైనా రాయగలిగిన, ఎవరైనా దిద్దగలిగిన వెబ్‌సైటు. శ్రీకాకుళం, విజయనగరం మెట్ట పల్లెల్లో ఇంకా మిగిలిన చోళ్ళనే రాగులు, గంటెలనే సజ్జలు, సామల్లో పాత రకం ఒక్కోదానికీ అందులో ఒక పేజీ. రకం పేరేమిటి, ఎవరింట్లో ఉంది, ఎంత ఉంది. తొలకరికి విత్తనం కావలసినవాళ్ళు ఆ పేజీ చూసి ఫోన్ చేస్తారు. పేజీ నేరుగా రాయడం అందరికీ రాదని ఒక ఫారం పెట్టారు. గళ్ళు నింపి కింద బటను నొక్కితే పేజీ తయారు. దాన్ని కట్టినవాడు విజయనగరం కుర్రాడు ఆనంద్‌కుమార్. పల్లెల్లో ఆడవాళ్ళకి నేర్పింది రాజకుమారి.

అందరికంటే ముందు నేర్చుకున్నది బూర్జ వైపు మెట్టూరి దేముడమ్మ. పట్టా పుస్తకంలో మొగుడి పేరు, రేషన్ కార్డులో మామ పేరు. విత్తనం ఏరి, ఎండబెట్టి, బూడిద కలిపి కుండలో మూసి బతికించేది మాత్రం ఆవిడ. ఏ కాగితమూ ఆవిడని రైతు అనలేదు. 'పిట్టకాలు చోడి' పేజీలో, విత్తనం దాచినవారు అన్న గడిలో తన పేరు తానే కొట్టుకున్న రోజున "ఓలమ్మో, నేనే!" అని ఫోన్‌ని చెంపకి ఆనించుకుంది. అప్పటికి ఇంకా కోత కాలేదు గనక 'ఎంత ఉంది' అన్న గడి వదిలేశారు.

కోతలయ్యాక ఆ గడికే జబ్బు చేసింది. దేముడమ్మ నింపుతుంది, బటను నొక్కుతుంది, పేజీ తెరిస్తే అక్కడ ఖాళీ. ఆ గడి ఖాళీగా ఉంటే పేజీ నెత్తిన దానంతటదే 'విత్తనం లేదు' అని పడుతుంది. ఆవిడ దగ్గర చూసి నేర్చుకున్న ఆడవాళ్ళందరి పేజీలదీ ఇదే వరస. సంఘం ఆఫీసులో నింపిన పేజీలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఆడవాళ్ళ పేజీల్లో ఫొటోలు అవీ మార్చేదీ ఆ ఆఫీసువాళ్ళే.

తొలి వాన పడ్డాక సంఘం కార్యదర్శి పృథ్వీరాజ్ ఫోన్ చేశాడు.

"రాజకుమారిగారూ, ఇత్తనాలకి జనం తిరుగుతన్నారు. మన వికీ సూస్తే ఎవరింట్లోనూ గింజ నేదంటన్నాది. రేపు మీటింగులో ఆళ్ళ లాగిన్లు ఆపీమని సెప్పేస్తాను. ఫోన్లో సెప్తే మన ఆఫీసోళ్ళే రాసుకుంటారు."

"ఆళ్ళ పేజీలు ఆళ్ళు రాయకూడదేటి?"

"రాయొద్దనట్లేదండీ. రాయలేకపోతన్నారంటన్నాను."

ఆ మాటలో చెడు ఉద్దేశం లేదు. ఆడవాళ్ళ చేతుల్లోంచి ఇన్నాళ్ళూ జారిపోయినవాటిలో చాలావి ఇలాంటి మంచి ఉద్దేశంతోనే జారిపోయాయి. రాజకుమారి ఫోన్ పెట్టేసి కంప్యూటరు ముందు కూర్చుంది. రేపటిలోగా తప్పు ఎక్కడుందో దొరక్కపోతే, దేముడమ్మ పేరున్న పేజీని దేముడమ్మ ముట్టుకోవడానికి ఉండదు.

దేముడమ్మ లాగిన్‌తోనే ఒక ఉత్తుత్తి పేజీ తెరిచి, 'ఎంత ఉంది' దగ్గర ఏడు అని వేసింది. నిలిచింది. దేముడమ్మ దగ్గరున్నలాంటి ఫోన్ పక్క కొట్టులో అడిగి తెచ్చి వేసింది. నిలిచింది. ఆనంద్‌కుమార్‌కి చెబితే "ఫారం నేను ఎన్నోసార్లు చూశానండీ, తప్పేం లేదు" అన్నాడు. దేముడమ్మకే ఫోన్ చేసి, అక్కని పిలిచినట్టు "ఎంతున్నాదప్పా ఇత్తనం?" అనడిగితే, "ఉన్నాదే. రాసేను కదా, సూసుకో" అని పెట్టేసింది.

"నేను రాస్తే ఉంటాది, ఆవిడ రాస్తే పోతాది" అని రాజకుమారి తనలో తాను అనుకుంది. "అయితే రాస్తంటే సూడాలి." షట్టరు దించి బస్సెక్కింది.

దేముడమ్మ పశువుల దగ్గర పని ముగించి చేతులు కడుక్కుంటోంది.

"ఏటే సావుకారమ్మా! ఈ ఏళప్పుడు కొట్టు కట్టీసి వొచ్చేవు? జనం నీ జెరాక్సు మానీసేరేటి?"

"నీ పేజీ నన్ను కూకోనివ్వట్లేదు అప్పా. ఎలగ నింపుతన్నావో నా ముందరోసారి నింపు."

"నాకిప్పుడు పరీచ్చా?"

"నీకు కాదు, ఆ ఫారానికి."

దేముడమ్మ నవ్వుకుంటూ లోపలికి నడిచింది. విత్తనం కుండలు పేర్చిన మూల, గోడవైపు తిరిగి నిలబడింది. ఆ గోడ మీద సున్నంతో పెట్టిన నిలువు గీతలున్నాయి. కొన్ని తెల్లగా, కొన్ని బొటనవేలితో తుడిచిన మసకగా. ఆవిడ ఒకసారి గోడ చూస్తుంది, ఒకసారి ఫోన్ చూస్తుంది. 'ఎంత ఉంది' గడిలో ఒక్కొక్క నిలువు గీతా పెడుతోంది.

"అదేటప్పా, గీతలు?"

"కుంచాలే. మరేటి?"

"అంకె ఎయ్యొచ్చు కదా!"

దేముడమ్మ నోటిమీద వేలేసుకుంది. "ఇత్తనానికి అంకె ఎట్టకూడదే! కొలిసినప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అంటామేటి? లాభం అంటాం. అంకె ఎట్టీసేవంటే ఇంక ఇంతేనని ముద్దరేసీసినట్టు. మా అత్తా గీతే ఎట్టింది, నేనూ గీతే. ఈ ఫోన్లో నిలువు గీత ఎక్కడ దాగున్నాదో ఎతికెతికి పట్టుకున్నాను. మిగతా ఆళ్ళకీ నేనే సూపించేను" అంది, గొప్పగా.

రాజకుమారి గోడనీ, గడినీ మార్చి మార్చి చూసింది. ఫోన్ తీసుకుని, ఫారం వెనకాల ఉండే అసలు రాత తెరిచింది. ప్రతి గడి పేరుకీ ముందు వికీ తానుగా పెట్టుకున్న గుర్తు ఒకటుంది. వెంటనే ఆనంద్‌కుమార్‌కి ఫోన్ చేసింది.

"ఆనంద్‌బాబూ, ఒక గడికీ ఇంకో గడికీ మధ్య వికీ ఏటి పెడతాది?"

"నిలువు గీతండీ. గళ్ళ మధ్య గోడలాగా."

"ఇక్కడ కుంచానికీ అదే గీత."

"బాబోయ్!" అన్నాడతను. "ఆవిడ కుంచం పెట్టినచోటల్లా వికీ ఒక గోడ కట్టేసి, అవతల ఇంకో గది ఉందనుకుంటోందండీ. గోడలే తప్ప గదిలో ఏమీ కనపడక, ఖాళీ అంటోంది. నేనెప్పుడూ అంకెలే వేసి చూశాను."

"నేనూ అంతే కదా."

"అంకెలు తప్ప ఇంకేవీ తీసుకోకుండా ఫారం మార్చేస్తాను. రెండు నిమిషాల పని."

రాజకుమారి గోడ కేసి చూసింది. "వొద్దు బాబూ. ఫారానికే గీతలు నేర్పు."

ఆ గడిలో గీత వస్తే దాన్ని లోపల వేరే గుర్తుతో దాచి, పేజీ మీద మళ్ళీ గీతగానే చూపించేలా చెయ్యడానికి ఆనంద్‌కుమార్ సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఇక్కడ దేముడమ్మకి వేరే బెంగ.

"మరి ఇన్నాళ్ళూ నేనెట్టినవి? ఆఫీసోళ్ళు మజ్జిలో ఫొటో అదీ మార్చేరు కదా. అన్నీ తుడిసిపెట్టుకు పోయేయేటి?"

రాజకుమారి పేజీ పైనున్న 'చరిత్ర' నొక్కింది. వికీలో ఒకసారి దాచిన ప్రతి రాతా అక్కడుంటుందని ఆవిడకి తెలుసు. అడుగుదాకా వెళ్ళి ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. ఖాళీ అనుకున్న పేజీ ఒక్కొక్క పాత ప్రతిలోనూ గీతల వరస. ఆఫీసులో ఎవరో ఫారం తెరిచి దాచగానే పోయిన వరస, ఆ పక్కనే దేముడమ్మ ఓపిగ్గా మళ్ళీ పెట్టిన వరస. పొలం నుంచి వచ్చి పెట్టినవి, వంటకి ముందు పెట్టినవి. ఎవరూ చదవలేదు. ఒక్కటీ పోలేదు. కింద పేరు: దేముడమ్మ. మళ్ళీ కింద: దేముడమ్మ.

సంతకాలు పడ్డ కాగితాలు బీరువాల్లో చెదలు తింటున్న దేశంలో, ఏ కాగితమూ పేరు పలకని ఒక మెట్టూరి ఆడమనిషి పెట్టిన గీతని గీతగా ఎక్కడో ఒక యంత్రం కాపాడుకుంటూ వచ్చింది. అర్థం కాకపోయినా పారెయ్యలేదు. రాజకుమారి ఫోన్ దేముడమ్మ చేతికిచ్చి, "సూడప్పా, అన్నీ ఉన్నాయి" అంది. దేముడమ్మ వేలితో కిందికి జరుపుతూ, జరుపుతూ, అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

మర్నాడు మీటింగులో ఆనంద్‌కుమార్ ఆ చరిత్ర తెరిచి చూపించాడు. మధ్యాహ్నానికి పృథ్వీరాజ్ దగ్గర్నుంచి రాజకుమారికి మెసేజీ వచ్చింది: లాగిన్లు ఆపడం లేదు.

ఆ వారమే సాలూరు వైపు నుంచి ఒక రైతు పేజీ చూసి ఫోన్ చేసి, సంచి పట్టుకుని వచ్చాడు. దేముడమ్మ "లాభం" అంటూ కొలిచి పోసింది. అతను వెళ్ళాక గోడమీద ఒక గీతని బొటనవేలితో తుడిచింది. తర్వాత ఫోన్‌లో పేజీ తెరిచి అక్కడా ఒక గీత తీసేసి, రాజకుమారికి ఫోన్ చేసింది.

"ఒసే, గోడమీద తుడిసింది పోతాది కదా. మరిందులో?"

"పోదప్పా. పెట్టిందీ ఉంటాది, తుడిసిందీ ఉంటాది."

దేముడమ్మ గోడమీద, అత్త గీతలు తుడిచిపెట్టుకుపోయిన చోట వేలితో తడిమింది.

"అయితే ఇది మా అత్త కాలంలోనే రావలసింది కదే" అంది.