బ్రాకెట్లు మూయించిన టైపు మేడమ్

చీపురుపల్లిలో మా పక్కింటి టైపు మేడమ్ పోయారని మొన్న అమ్మ ఫోన్ చేసింది. అప్పుడు నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. పాఠం ఆపి వరండాలోకి వచ్చేశాను. ఆవిడ లేకపోతే నేను ఆ క్లాసులో ఉండేదాన్నే కాదు.

పదో తరగతితో చదువు ఆగిపోయిన మేడమ్, ఇంటి ముందు గదిలోనే టైపు నేర్పేవారు. 2010 తర్వాత మిషన్ల పక్కకు ఒక కంప్యూటర్ కూడా చేరింది. నేను డిగ్రీలో చేరిన ఏడాది మా కాలేజీలో లెక్కల హోంవర్కు ఆన్‌లైన్‌లో పెట్టారు. జవాబు టైపు చేయాలి. మూడుసార్లు తప్పితే ఆ ప్రశ్న మూసుకుపోతుంది. పుస్తకంలో ఒప్పయిన జవాబులే తెరమీద తప్పయ్యేవి. వరసగా సున్నాలు. లెక్కలు వదిలేస్తానని దరఖాస్తు కూడా రాసుకున్నాను.

ఆ సాయంత్రం మేడమ్ కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఒక ప్రశ్నకు ఒక్క అవకాశమే మిగిలింది. ఏడుస్తుంటే మేడమ్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"ఏటే, ఏటయినాది?"

"నాకు లెక్కలు రావు మేడమ్."

"నాకూ రావు. ఆ పుస్తకం ఇలాగియ్యి. ఈ గీత ఎక్కడిదాకా ఉన్నాది?"

"x+1 కింద మొత్తం. దాని కింద x-1."

"మరి నువ్వు కొట్టిందాంట్లో ఆ గీతేదే? అన్నీ ఒకే వరసలో ఉన్నాయి గదా. మిషన్‌కి నీ మనసులోది తెల్దు. నువ్వు కొట్టిందే తెలుస్తాది."

నేను కొట్టింది x+1/x-1. కంప్యూటర్ ఒక్క ఒకటినే x తో భాగించింది. మేడమ్ పైదానికో బ్రాకెట్, కిందదానికో బ్రాకెట్ పెట్టించారు.

"తెరిసినవన్నీ మూసీసేవా? అయితే నొక్కు."

పచ్చ టిక్కు పడింది. నాకంటే ముందు ఆవిడే చప్పట్లు కొట్టారు. పుస్తకంలో పెట్టుకున్న నా దరఖాస్తు తీసుకుని, వెనకవైపు తెల్లగా ఉందని, ఎవరికో టైపు ప్రాక్టీసుకు ఇచ్చేశారు.

ఆ ఏడాదంతా నా జవాబుల్లో బ్రాకెట్లు పెదవులు కదుపుతూ లెక్కపెట్టేవారు. తప్పొస్తే, "మళ్లీ సూడు. తప్పు నీలో లేదు, ఈ లైన్లో ఉన్నాది" అనేవారు. ఆ మాట ఇప్పుడు నేను క్లాసులో ఆవిడ యాసలోనే అంటాను. పిల్లలు నవ్వుతారు.

కిందటి వేసవిలో వాళ్లింటికి వెళ్లినప్పుడు, "ఇప్పుడేటి సెప్తన్నావే?" అని అడిగారు. నిలువుగా సాగదీసిన S లాంటి సమాకలనం (ఇంటిగ్రల్) గుర్తు వేసి చూపించాను.

"అబ్బ, ఎంత ఒయ్యారంగా ఉన్నాదే! ఇది మా మిషన్ మీద లేదు."

నేను లోపలికి వెళ్లి టీ పెట్టి తెచ్చేసరికి, మేడమ్ పాత డైరీ ఒళ్లో పెట్టుకుని ఆ గుర్తునే దిద్దుతున్నారు. నాలుక కొన పెదవుల మధ్య బిగబట్టి, పేజీ అంతా. ఒక్కోటీ ముందుదానికంటే కాస్త నిటారుగా.